అందరూ టీచర్లే ఉన్న క్లాసు

కాలేజీ ఆన్‌లైన్ పాఠాల వ్యవస్థలో ఆవిడకు లేని అధికారం లేదు. ఎవరినైనా టీచరుగా నియమించగలదు, నియమించినవాళ్ళను తొలగించగలదు. కోర్సులను పుట్టించగలదు, గిట్టించగలదు. ప్రిన్సిపాల్ గారి పాస్‌వర్డు మార్చేసి, ఆయన గదిలో ఆయన్నే పరాయివాణ్ణి చెయ్యగలదు. పురాణాల్లో ఇంతటి అధికారం ఉన్నవాళ్ళకు ఒక వాహనమూ, నాలుగు చేతులూ ఉండేవి. ఈవిడకు ఒక తిరిగే కుర్చీ ఇచ్చారు. అది ఒకవైపుకే తిరుగుతుంది.

ఆవిడకు అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటి ఉంది గానీ, అడ్మిన్ అయిన దగ్గర్నుంచి కాలేజీ మొత్తం అడ్మినమ్మ అనే పిలుస్తోంది. చదివింది ఫిజిక్సు. కొన్నేళ్ళపాటు మొదటి సంవత్సరం పిల్లలకు ఆ పాఠమే చెప్పింది కూడా. తరంగాల పాఠం రోజున కిటికీ ఊచకు తాడు కట్టి, రెండో కొస చివరి బెంచీ వాడి చేతికిచ్చి ఊపమనేది. ఎన్నడూ నోరు విప్పని పిల్లలు ఆ రోజు తాడు కోసం కొట్టుకునేవాళ్ళు. అంత సుఖంగా సాగుతున్న జీవితంలో ఒకనాడు స్టాఫ్ మీటింగు జరిగింది. ప్రొజెక్టరు వెలగలేదు. పెద్దలందరూ దాని చుట్టూ చేరి, జబ్బుపడ్డ బంధువును చూడవచ్చినట్టు తలలు పంకిస్తుంటే, ఈవిడ ముందుకు వెళ్ళి ఊడిపోయిన తీగను మళ్ళీ గుచ్చింది. అంతే. తలరాత మారిపోయింది.

"మీకు కంప్యూటర్లు బాగా వచ్చన్నమాట!" అన్నారు ప్రిన్సిపాల్ గారు.

"తీగ ఊడింది సార్. పెట్టాను."

"అదేనమ్మా కావాల్సింది. మిగతావాళ్ళకి అదీ రాదు."

ఆ మాటకు ఎవరూ నొచ్చుకోలేదు. నొచ్చుకుంటే ఆ పని తమకు తగులుకుంటుందని అందరికీ తెలుసు.

అలా ఆవిడ క్లాసు లెక్కల సారు చేతికి వెళ్ళింది. ఆవిడ సిస్టమ్ రూములోకి వచ్చింది. ఆ గదికీ ఫిజిక్సు హాలుకూ మధ్య ఉన్నది గోడ కాదు, ప్లైవుడ్ చెక్క. అవతల దగ్గితే ఇవతల మందు వేసుకోవచ్చు. లెక్కల సారు మంచివాడు. ఫిజిక్సంటే ఆయనకు ద్వేషం లేదు, పరిచయం లేదంతే. అందుకని పుస్తకం తెరిచి పై నుంచి కిందికి చదువుకుంటూ పోతాడు. "తరంగము ఇటుల ప్రయాణించును, ప్రక్క పటము చూడుడు" అని కూడా చదివేస్తాడు. పటం మాత్రం గియ్యడు. ఆ గొంతు చెక్క దాటి వచ్చినప్పుడల్లా అడ్మినమ్మ వేళ్ళు కీబోర్డు మీద ఆగిపోయేవి. లేచి వెళ్ళి తలుపు తోసి, సుద్దముక్క లాక్కుని ఆ పటమేదో గీసి వచ్చేద్దామని కాళ్ళు లాగేవి. సరిగ్గా అప్పుడే ఫోను మోగేది.

"అమ్మా, నా పాఠం పిల్లలకి కనపడటం లేదట!"

"మీరే దాచారు సార్. పక్కన కన్ను బొమ్మ ఉంటుంది, అది నొక్కారు."

"నా పాఠాన్ని నేనెందుకు దాచుకుంటానమ్మా?"

అడిగేవాడికి చెప్పేవాడు లోకువ. ఇలా అడిగేవాళ్ళు కాలేజీ నిండా ఉన్నారు. ఎవరి కన్ను బొమ్మ వాళ్ళు నొక్కుకోవడం నేర్చుకుంటే తప్ప తనకు ఆ చెక్కకు అవతలివైపు బతుకు లేదని ఆవిడకు అర్థమైంది. వెళ్ళి ప్రిన్సిపాల్ గారిని పట్టుకుంది.

"సార్, నా క్లాసు నాకిచ్చెయ్యండి."

"ఇచ్చేస్తానమ్మా, నాకేమన్నా సరదానా? మరి వీళ్ళని ఎవరు చూస్తారు? స్టాఫంతా ట్రైనింగు పూర్తి చేసి ఎవరి కోర్సు వాళ్ళు నడుపుకునే రోజు రానివ్వండి. కొత్త టైమ్ టేబుల్ వేసేలోపు అందరూ పాసైతే, అందులో మీ పేరు మీ క్లాసు ఎదురుగా ఉంటుంది. మాటిస్తున్నాను."

ఆవిడ ఆ మాటను కొంగున ముడేసుకుని వచ్చింది. 'ఆన్‌లైన్ పాఠం నడపడం ఎలా' అనే కోర్సు తయారుచేసింది. చిన్న చిన్న పాఠాలు, చివర ఒక పరీక్ష. స్టాఫందరినీ అందులో చేర్చింది. ఏ హోదాలో చేర్చింది? విద్యార్థులుగా. నేర్చుకునేవాళ్ళను మరి ఏ పేరుతో చేరుస్తారు? ఆ వ్యవస్థలో ఎవరికి ఏ పాత్ర ఇస్తే వాళ్ళకు ఆ పాత్రకు తగ్గ తాళం చెవులే అందుతాయి. విద్యార్థి పాఠం చదవొచ్చు, పరీక్ష రాయొచ్చు, రాసింది పంపొచ్చు. టీచరు పాఠాన్ని మార్చొచ్చు, ప్రశ్నల జవాబులు చూడొచ్చు, దిద్దొచ్చు. అయితే టీచరు పరీక్ష రాస్తే అది వంటవాడు రుచి చూసినట్టే, భోజనం కింద లెక్కలోకి రాదు. మార్కులు ఎక్కడా నమోదు కావు. అడ్మిన్‌కు అన్ని తాళం చెవులూ ఉంటాయి, మనశ్శాంతి తప్ప.

ఇంతవరకూ బాగానే ఉంది. ప్రిన్సిపాల్ గారు కోర్సు తెరిచారు. పాఠం కేసి చూడలేదు. తన పేరు కేసి చూశారు. ఫోను మోగింది.

"ఏమ్మా, నా పేరు కింద ఏమని రాసుంది?"

"విద్యార్థి అని సార్."

"ఎందుకని?"

"మీరు ట్రైనింగు తీసుకుంటున్నారు కదా సార్."

"ట్రైనింగు తీసుకుంటాను. విద్యార్థి అనిపించుకోను. పిల్లలెవరైనా చూస్తే ఏమనుకుంటారు?"

"పిల్లలకి ఈ కోర్సు కనపడదు సార్."

"నాకు కనపడుతోంది కదమ్మా!"

దీనికి సమాధానం ఫిజిక్సులో లేదు. ఆవిడ ఆయన్ను టీచరుగా మార్చింది. అక్కడే పప్పులో కాలేసింది. మధ్యాహ్నానికల్లా కెమిస్ట్రీ సారు గుమ్మంలో నిలబడ్డాడు. కాలేజీలో అందరికంటే సీనియర్ ఆయన. ప్రిన్సిపాల్ గారికంటే ముందు ఉద్యోగంలో చేరాడు. ఆ సంగతి ప్రిన్సిపాల్ గారు మరిచిపోయినా ఆయన మరవనివ్వడు.

"మొన్నగాక మొన్నొచ్చిన ఆయన టీచరూ, నేను విద్యార్థీనా? న్యాయం ప్రకారం నన్ను అడ్మిన్ చెయ్యాలి. పోనీలే, టీచరుగా ఉండటానికి ఒప్పుకుంటున్నాను, కానియ్."

ఆయన అంత త్యాగం చేశాక మిగతావాళ్ళు ఊరుకుంటారా? ఒక్కొక్కరే వచ్చారు. ఒకరు మర్యాదగా అడిగారు, ఒకరు అలిగారు, ఒకరు తమ పీహెచ్‌డీ గురించి గుర్తుచేశారు. వారం తిరిగేసరికి ఆ కోర్సులో ఉన్నవాళ్ళంతా టీచర్లే. విద్యార్థి అనేవాడు మచ్చుకైనా లేడు. విద్యాచరిత్రలో ఇంతటి స్వర్ణయుగం ఎన్నడూ వచ్చి ఉండదు: అజ్ఞాని ఒక్కడూ లేని తరగతి.

ఆ స్వర్ణయుగంలో జరిగిన ఘనకార్యాలు ఏమంటే, కెమిస్ట్రీ సారు రెండో పాఠంలో ఒక కామా సరిచేయబోయి పాఠాన్నే చెరిపేశాడు. మరొకాయన పరీక్షలో తనకు నచ్చని ప్రశ్నలు తీసేశాడు. లెక్కల సారు మొత్తం కోర్సును దాచేసి, కనపడటం లేదని ఫోను చేశాడు. జవాబులు ముందే కనపడుతున్నాయి కాబట్టి అందరికీ తెర మీద నూటికి నూరు కనపడ్డాయి. స్టాఫ్ రూములో ఒకరినొకరు అభినందించుకున్నారు. ఎవరెవరు పూర్తిచేశారో చూద్దామని అడ్మినమ్మ నివేదిక తెరిస్తే, అందులో ఒక్కటే వాక్యం ఉంది: ఈ కోర్సులో విద్యార్థులు లేరు.

ఆవిడ తల పట్టుకుని కూర్చుంది. పక్కనున్న కామర్స్ మేడం పొట్ట పట్టుకుని నవ్వింది. కాలేజీ మొత్తానికి ఈవిడ బాధ తెలిసిన మనిషి ఆవిడొక్కతే.

"అందరూ పల్లకీ ఎక్కితే మోసేదెవరే? మళ్ళీ దించెయ్, అందరినీ."

"దించితే ఊరుకుంటారా? నీ పేరు కింద విద్యార్థి అని పెడితే నువ్వు ఊరుకున్నావా?"

"నేనంటే అందరూ అడుగుతున్నారని అడిగాన్లే," అంది కామర్స్ మేడం, కొంచెం తగ్గి.

టైమ్ టేబుల్ వేసే రోజు దగ్గరపడుతోంది. చెక్క అవతల లెక్కల సారు కాంతి ఎలా వంగునో వంగకుండా చదువుతున్నాడు. అడ్మినమ్మ సంచి సర్దుకుని, ఎవరితో మాట్లాడినా కరిచేలా ఉన్న ముఖంతో ఇంటికి వెళ్ళింది.

ఇంట్లో పరిస్థితి అంతకంటే శాంతంగా ఏమీ లేదు. వారం రోజులుగా అత్తగారి తమ్ముడు దిగి ఉన్నాడు. ఆయన మంచినీళ్ళు కూడా కూర్చున్న చోటికే రావాలనే రకం. మేడ మీద నీళ్ళ ట్యాంకు కడగాలి. కళ్ళజోళ్ళ దుకాణం మూసి వచ్చిన భర్త, నడుం నొప్పంటూ అప్పుడే గోడకు చేరగిలబడ్డాడు.

"మామయ్యగారిని ఒక చెయ్యి వెయ్యమనకూడదూ?" అంది ఈవిడ.

"వాడా? వేస్తాడా?" అంది అత్తగారు. "చెయ్యమంటే చెయ్యడు. ఉండు." గుమ్మం దగ్గరికి వెళ్ళి గొంతు పెంచింది. "ఒరేయ్ తమ్ముడూ! ట్యాంకు కడిగిస్తున్నాం. ఈ కుర్రకుంకలకి ఏం తెలుసు? అనుభవం ఉన్నవాడివి, నువ్వు దగ్గరుండి పర్యవేక్షించకపోతే పాడుచేస్తారు."

పర్యవేక్షకుడు లేచాడు. తువ్వాలు నడుముకు బిగించాడు. నడుం పట్టుకుని లేచిన మేనల్లుడికి బ్రష్షు పట్టుకోవడం రాదని తేల్చి, దాన్ని లాక్కున్నాడు. కాసేపటికి ట్యాంకులోంచి ఆయన తిట్లు, తోమే చప్పుడు కలిసి వినపడ్డాయి.

"చచ్చేదాకా ఇంతే వీడు," అని విసుక్కుంది అత్తగారు. "చిన్నప్పుడు బడికి పోనంటే మా నాన్న బడి తనిఖీకి పంపేవాడు."

అడ్మినమ్మ మెట్ల మీదే కూర్చుండిపోయింది. అంతవరకూ ముడుచుకుని ఉన్న ఆవిడ ముఖం విప్పారడం చూసి భర్త భయపడ్డాడు.

"ఏమైంది? మళ్ళీ ఫోనొచ్చిందా?"

"రాలేదండీ. మీ మామయ్యగారు దేవుడు."

"ఎవరూ, ఆయనా?"

మర్నాడు ఆవిడ ఆ కోర్సు అమరికలు తెరిచింది. అక్కడ ఒక సదుపాయం ఉంది, ఎవరి కంటా పడనిది. ఏ పాత్రను ఏ పేరుతో పిలవాలో కోర్సు కోర్సుకూ మార్చుకోవచ్చు. పేరే మారుతుంది. తాళం చెవులు మారవు. 'విద్యార్థి' ఉన్నచోట 'గౌరవ సమీక్షకులు' అని కొట్టింది. 'టీచరు' ఉన్నచోట 'సహాయక సిబ్బంది' అని కొట్టింది. చెరిగిన పాఠాలను మళ్ళీ ఎక్కించి, తీసేసిన ప్రశ్నలు చేర్చి, చేతులు దులుపుకుని కూర్చుంది. ఎవరికీ కబురు పెట్టలేదు. ప్రిన్సిపాల్ గారిని ఒక్కరినే గౌరవ సమీక్షకుల్లోకి మార్చింది.

గంట గడవకముందే కెమిస్ట్రీ సారు ఆయాసపడుతూ వచ్చాడు.

"ఏమిటిది? నా పేరు కింద సహాయక సిబ్బంది అనుందేమిటి? ఆయనేమో గౌరవ సమీక్షకులా?"

"అవునండీ. అది అందరికీ ఇవ్వట్లేదు సార్. పాఠాలన్నీ చదివి, పరీక్ష రాసి చూసి, లోపాలు కనిపెట్టగలిగే అనుభవం ఉన్నవాళ్ళకే."

"నాకు లేదా అనుభవం? ఇప్పుడే, ఈ క్షణమే మార్చు."

"మారిస్తే పాఠాల్లో వేలు పెట్టడానికి ఉండదు సార్. ఆ చాకిరీ అంతా సహాయక సిబ్బందిది."

"నాకెందుకమ్మా చాకిరీ? మార్చు."

ఆ సాయంత్రానికల్లా స్టాఫందరూ ఒకరినొకరు తోసుకుంటూ విద్యార్థులైపోయారు. కామర్స్ మేడం చివర వచ్చి, "నన్నూ చెయ్యవే, స్టాఫ్ రూములో తలెత్తుకోలేకపోతున్నా," అంది. తెలిసి కూడా అడిగింది. గౌరవం అలాంటిది.

సమీక్షకులు పాఠాలు చదివారు. చదవక తప్పలేదు, పరీక్షలో జవాబులు ఇప్పుడు కనపడవు కదా. ఒక్కొక్కరే పాసవుతూ వచ్చారు. ప్రిన్సిపాల్ గారు రెండోసారికి గట్టెక్కి, మొదటిసారి కావాలనే తప్పు రాసి యంత్రాన్ని పరీక్షించానని ప్రకటించారు. నివేదికలో పేర్ల ఎదురుగా గుర్తులు పడుతూ పోయాయి. చివరికి ఒక్క పేరు మిగిలింది. కెమిస్ట్రీ సారు.

ఆయన రాస్తున్నాడు, తప్పుతున్నాడు. తప్పిన ప్రతిసారీ వచ్చి ప్రశ్నపత్రంలో దోషాలు చెబుతున్నాడు. ఆడలేక మద్దెల ఓడు.

"సమీక్షకుణ్ణి ఫెయిల్ చేసే హక్కు ఈ యంత్రానికి ఎవరిచ్చారు? నువ్వు అడ్మిన్‌వి కదా, నీ దగ్గర మార్కులు మార్చే మీట ఉంటుంది. నొక్కు. ఒక పనైపోతుంది."

నిజమే, ఉంది. నొక్కితే ఆయన పాసు. ఆయన పాసైతే జాబితా పూర్తి. జాబితా పూర్తయితే క్లాసు తనది. మర్నాడే టైమ్ టేబుల్ గోడకు ఎక్కుతుంది. పొద్దున కాఫీ తాగుతూ భర్త కూడా అదే అన్నాడు.

"నొక్కెయ్. ఎవడికి తెలుస్తుంది?"

"ఎవరికీ తెలీదండీ. ఆయనకి మాత్రం ఏమీ రాదు. రేపట్నించి క్లాసు మధ్యలో తలుపు తట్టి, అమ్మా నా పాఠం ఎక్కడికి పోయింది అంటాడు. ఆయన పాసవుతాడు, నేను జన్మంతా ఆయనకి ట్యూషను."

అందుకని మీట నొక్కలేదు. విసుగునంతా మింగి, ఒకవైపుకే తిరిగే కుర్చీలో కెమిస్ట్రీ సారును కూర్చోబెట్టి, తను నిలబడింది.

"సార్, మీకు అల్లుడు ఉన్నాడా?"

"ఉన్నాడు. ఎందుకూ, వాడూ సమీక్షకుడయ్యాడా?"

"మీ ఇంటికొస్తే ఏం చేస్తాడు?"

"ఏం చేస్తాడు, కాళ్ళు చాపుక్కూర్చుంటాడు. అన్నీ అందించాలి వెధవకి."

"వాళ్ళింట్లో?"

"వాళ్ళింట్లో పెద్దకొడుకు. చచ్చినట్టు చాకిరీ చేస్తాడు."

"మనిషి ఒక్కడే కదా సార్. మరి రెండు చోట్లా రెండు రకాలుగా ఎందుకున్నాడు?"

"అక్కడి వరస అక్కడిది, ఇక్కడి వరస ఇక్కడిది..." అని ఆగాడు కెమిస్ట్రీ సారు.

"అంతే సార్. పాత్ర మనిషికి అతుక్కుని ఉండదు, గదికి అతుక్కుని ఉంటుంది. మీ కెమిస్ట్రీ కోర్సులో మీరు టీచరు. ఆ గదిలో పాఠం మార్చుకోండి, దాచుకోండి, దిద్దుకోండి. ఈ గదిలోకి వచ్చినప్పుడు అల్లుడు. పెట్టింది తినడమే, వంటగదిలోకి పోకూడదు. మీరు ప్రతి గదిలోనూ కెమిస్ట్రీ సారుగానే తిరుగుతున్నారు, అందుకే పరీక్షలో ప్రతి ప్రశ్నకీ ఒకటే జవాబు రాస్తున్నారు."

ఆయన తెర కేసి చూశాడు. ఆవిడ కేసి చూశాడు. "అయితే పిల్లల్లో ఒకణ్ణి మా ల్యాబు కోర్సులో టీచరుకి సహాయకుడిగా పెట్టి, మిగతా చోట్ల విద్యార్థిగానే ఉంచొచ్చా?"

"ఉంచొచ్చు సార్! అదే నాలుగో ప్రశ్న!"

ఆవిడ గొంతు తనకు తెలియకుండానే పెరిగింది. సుద్దముక్క లేక కలంతో గాలిలో బొమ్మలు గీస్తోంది. చెక్క అవతల లెక్కల సారు చదవడం ఆపి వింటున్నట్టున్నాడు. ఆ పూట కెమిస్ట్రీ సారు వేసిన ప్రశ్నల్లో సగం మొండివి, సగం మంచివి. మంచివి వచ్చినప్పుడు ఆవిడ ఆయన వీపు తట్టబోయి ఆగేంత సంతోషపడింది. పరీక్ష రాశాడు. పాసయ్యాడు. "నా పద్ధతిలో నేను రాశాను," అన్నాడు.

ఇద్దరూ కలిసే ప్రిన్సిపాల్ గదికి వెళ్ళారు. ఆయన జాబితా చూసి చేతులు జోడించారు.

"అద్భుతం అమ్మా! ఇంత సమర్థులని నేననుకోలేదు. అందుకే ఆలోచిస్తున్నాను, మిమ్మల్ని ఇక్కణ్ణుంచి కదిపితే కాలేజీకి ఎంత నష్టం!"

"సార్, మీరు మాటిచ్చారు."

"ఇచ్చాను. కానీ అప్పటికి మీ సామర్థ్యం నాకు తెలీదు కదా?"

ఆవిడకు ఒళ్ళు మండిపోయింది. సరిగ్గా చెయ్యకపోతే చేతకాదని ఉంచుతారు, సరిగ్గా చేస్తే చేతనవునని ఉంచుతారు. ఏ దారిన పోయినా ఆ చెక్క ఇవతలే. ఏదో అనబోయింది. అనుంటే ఉద్యోగమే పోయేదేమో. అంతలో కెమిస్ట్రీ సారు గొంతు సవరించుకున్నాడు.

"ఒక్క నిమిషం. ఇన్నాళ్ళూ నేను పద్ధతి తెలీదని ఊరుకున్నాను. ఇప్పుడు తెలిసింది, పాసయ్యాను కూడా. మరి అడ్మిన్ పదవి సీనియారిటీ ప్రకారం ఎవరికి రావాలండీ?"

అది కృతజ్ఞతా, ఆశా అని అడిగితే ఆయనకే తెలియదు. సీనియారిటీ మాట వస్తే ప్రిన్సిపాల్ గారు ఎన్నడూ వాదన పెట్టుకోరు. టైమ్ టేబుల్ కాగితం దగ్గరికి లాక్కుని, లెక్కల సారు పేరు మీద ఒక గీత గీశారు.

అప్పగింత ఆ మధ్యాహ్నమే జరిగింది. కెమిస్ట్రీ సారు ఆవిడ కుర్చీలో కూర్చుని, అది తిరిగే వైపుకు ఒక చుట్టు తిరిగి, పట్టాభిషేకం ముగించుకున్నాడు.

"చెప్పమ్మా, నీకిక ఏ పాత్ర ఇమ్మంటావ్? మొహమాటపడకు. నాతో సమానంగా కాకపోయినా, కొంచెం కిందగా ఏదన్నా పెద్దదే పెడతాను."

"మొదటి సంవత్సరం ఫిజిక్సు. టీచరు. అంతే సార్."

"అంతేనా? మిగతావన్నీ తీసెయ్యనా? తర్వాత అడిగితే ఇవ్వను."

"తీసెయ్యండి సార్."

ఆయన ఒక్కొక్కటే తీసేశాడు. జాలిపడుతూ తీశాడు. ఆవిడ పక్కనున్న కంప్యూటర్లో తన పేరుతో లోపలికి వెళ్ళి చూసుకుంది. ఒక్కటంటే ఒక్కటే కోర్సు ఉంది. మిగతా ఏది నొక్కినా తలుపు తెరుచుకోలేదు. అన్నీ నొక్కి నొక్కి చూసింది, హాయిగా.

మర్నాడు చెక్క చుట్టూ తిరిగి హాల్లోకి వెళ్ళేసరికి పిల్లలు గోల చేస్తున్నారు. ఈవిడను చూసి కొంచెం తగ్గారు. ప్రొజెక్టరు కోసమో, తీగ కోసమో వచ్చిందనుకున్నారు. ముందు బెంచీ అమ్మాయి లేచి నిలబడింది.

"మేడం, మీరు కంప్యూటర్ మేడం కదా? మా లాగిన్ పనిచెయ్యట్లేదు."

"కెమిస్ట్రీ సారుని అడుగు," అంది ఆవిడ, సుద్దముక్క కోసం వెతుకుతూ. "కూర్చో. తాడు ఎవరు పట్టుకుంటారు?"